చూచినది నోటితో పలకండి

(నిమ్‌పురా సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యార్డు ప్రక్కన పెరిగిన తెలుగు కుటుంబాలకు క్రమశిక్షణను గురించి నేను క్రొత్తగా బోధించవలసినది లేదు. మన వృత్తిలోని ఒక అలవాటును ఇంటికి కూడా తీసికొనిపొండని మాత్రమే కోరుతున్నాను.

సిగ్నల్ కనబడగానే లోకో పైలట్, సహాయకుడు దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొంటారు. ఇద్దరికీ కళ్ళుండగా చెప్పడం దేనికి? అలవాటుపడిన కన్ను నిన్నటి పచ్చదీపాన్నే నేడూ చూడగలదు. నోరు పలికినప్పుడు మనస్సు మేల్కొంటుంది. జపాను రైల్వేలలో వ్రేలితో చూపి మరీ పలుకుతారు. అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ 1994లో జరిపిన పరీక్షలో, నూటికి 2.38గా ఉన్న పొరపాట్లు ఈ పద్ధతితో 0.38కి తగ్గాయి.

యౌవనంలో నేను ఒక మిత్రుని అప్పుకు, కాగితం చదువకుండానే హామీ సంతకం చేశాను. అతడు కట్టలేదు, మూడేండ్లు నా జీతంలో కోత పడింది. “అప్పు ఎంత? గడువు ఎప్పుడు? అతడు కట్టకపోతే ఎవరు కట్టాలి?” అని పైకి పలికి ఉంటే ఆనాడు కలం ఆగేది. నాటి నుండి ఈ మూడు ప్రశ్నలు పలుకక సంతకం చేయను. పుకారు విన్నప్పుడూ అంతే: ఎవరు చూచారు? ఎప్పుడు? ఎక్కడ?

అలవాటు ఒక్కనాటితో స్థిరపడదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో తేల్చిన సగటు 66 దినాలు. మనిషిని బట్టి 18 మొదలు 254 వరకు. మధ్యలో ఒకనాడు తప్పినంత మాత్రాన చేసిన శ్రమ వృథా కాదని కూడా వారు గమనించారు.

కనుక క్రొత్త అలవాటును, పెట్టెకు పెట్టె తగిలించినట్లు, పాతదానికి తగిలించండి. ఈ నెల జీతపు వివరం అందగానే ప్రతి కోతనూ ఇంటివారికి వినబడేటట్లు చదవండి. అర్థం కాని అంకె ఉంటే మరునాడే అడగండి. అక్కడి నుండి ఆరంభిద్దాం.