టెలిస్కోప్‌ని మోసం చేసిన ఓవెన్

ఈ వీడియో చూస్తున్న మీ ఫోన్‌ని చంద్రుడి మీద పెట్టి ఆన్ చేశారనుకోండి. భూమ్మీది రేడియో టెలిస్కోప్‌కి ఆకాశంలో బాగా వెలిగిపోయే వాటిలో అదీ ఒకటవుతుంది. నక్షత్రాల సిగ్నల్ అంత బలహీనం మరి. అలాంటిది మన పరికరాలు పక్కనే గోల చేస్తే? ఆ గోలనే రేడియో ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

ఆస్ట్రేలియాలో పార్క్స్ అని 64 మీటర్ల డిష్ ఉంది. 2001లో అది రికార్డ్ చేసిన డేటాలో, కొన్ని మిల్లీసెకన్ల మెరుపు ఒకటి ఉందని 2007లో బయటపడింది. మన గెలాక్సీ అవతలి నుంచి వచ్చిందన్నారు. తర్వాత అదే డిష్‌లో అలాంటివే ఇంకొన్ని దొరికాయి. కానీ ఇవి డిష్‌కున్న 13 బీమ్‌లలోనూ ఒకేసారి కనిపించాయి. ఆకాశంలో ఒక్క చోటి నుంచి వచ్చేది అలా అన్నిట్లో పడదు. అంటే ఇవి భూమ్మీద పుట్టినవే. వీటికి పెరిటాన్లు అని పేరు పెట్టారు. మరి ఇవి దొంగవైతే, 2001 నాటిది కూడా దొంగదేనా? అసలు టెన్షన్ అదీ.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు బగ్ దొరక్కపోతే రెండు లాగ్‌లు పక్కపక్కన పెట్టి టైమ్ చూసేవాడిని. ఎమిలీ పెట్రాఫ్ టీమ్ చేసిందీ అదే. డిష్ దగ్గర ఇంటర్‌ఫియరెన్స్ మానిటర్ ఉంది. 2015 జనవరిలో ఒకే వారంలో మూడు పెరిటాన్లు వచ్చాయి. డిష్‌లో 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర పెరిటాన్ పడిన టైమ్‌కే మానిటర్‌లో 2.4 దగ్గర కూడా సిగ్నల్! 2.4 అంటే మైక్రోవేవ్ ఓవెన్. పైగా పెరిటాన్లు ఎక్కువగా వచ్చేది లంచ్ టైమ్‌కి అటూ ఇటూ.

సరే అని ఓవెన్ ఆన్ చేసి చూశారు. ఏమీ రాలేదు. టైమర్ అయ్యేదాకా ఆగకుండా మధ్యలో తలుపు లాగితే, అప్పుడొచ్చింది పెరిటాన్! లోపలి మాగ్నెట్రాన్ ఆగిపోయే ఆ క్షణంలో బయటికి తప్పించుకున్న సిగ్నల్ అది.

2001 మెరుపు మాత్రం కొన్ని బీమ్‌లలోనే పడింది. కాబట్టి అది ఓవెన్ పని కాదు. 2017లో అలాంటి ఇంకో మెరుపు ఏ గెలాక్సీ నుంచి వస్తోందో కూడా పట్టుకున్నారు. అది 200 కోట్ల కాంతి సంవత్సరాలకి పైగా దూరం.

మన పుణె దగ్గర జీఎంఆర్‌టీలో 30 డిష్‌లు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ఒక డిష్ పక్కన పుట్టిన చిన్న గోల దూరంగా ఉన్నదానికి వినపడదు. పోల్చి చూస్తే దొరికిపోతుంది.

గోల తగ్గించడమంటే అనుమానం వచ్చినదల్లా డిలీట్ కొట్టడం కాదు ఫ్రెండ్స్. పెరిటాన్లతో పాటు ఆ మెరుపుని కూడా చెత్త అని తీసేసి ఉంటే? గోల ఎక్కడ పుట్టిందో కనుక్కున్నారు కాబట్టే అసలుది మిగిలింది.

ఎప్పుడైనా అబ్జర్వేటరీకి వెళ్తే ఫోన్ ఆఫ్ చేయమంటారు. ఫ్లైట్ మోడ్ చాలదా అని వాదించకండి, ఆఫ్ చేసేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!