ఒకరు చదివితే పదిమంది వినాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సత్యవేడులో చేసిన ప్రసంగం)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీతో నాలుగు మాటలు మాట్లాడమని సంఘం వాళ్ళు నన్ను పిలిచారు. మైకంటే నాకు బెదురు. హాస్టల్లో మైకు లేకుండానే అరిచి అలవాటు. గొంతు పెద్దదైతే సర్దుకోండి.

మీలో ఎంతమంది గ్రంథాలయంలోకి వెళ్ళారు? బయట అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకోవడం కాదు, లోపలికి. లేచిన చేతులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిమ్మల్ని తప్పుపట్టను. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఊళ్ళో, పేరు వద్దులెండి, లైబ్రరీ మెట్లెక్కాను. అక్కడున్నాయన "ఎవరింట్లో పని చేస్తావు పాపా, ఎవరికోసం వచ్చావు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. యానాది పిల్ల చదువుకోవడానికి వస్తుందని ఆయనకు తట్టలేదు, అంతే. నేను తిరిగి వచ్చేశాను. మళ్ళీ లైబ్రరీ గుమ్మం తొక్కింది టీచర్ ట్రైనింగ్‌లో చేరాకే.

1960 నాటి మన రాష్ట్ర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేస్తారని అప్పుడు తెలిసింది. అంటే మా అమ్మ తన చిన్న ఇంటికి పన్ను కట్టిన ప్రతిసారీ, తను చదవలేని పుస్తకాలకు డబ్బు ఇచ్చిందన్నమాట. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇప్పుడు కొందరు పోటీ పరీక్షల కోసం వెళ్తున్నారు. సంతోషమే. కానీ ఒక్కొక్కరు ఒక్కో మూల తల దించుకుని చదువుకుని వస్తున్నారు. నేనడిగేది వేరే. పదిమంది కూర్చోవాలి, ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి, తర్వాత మాట్లాడుకోవాలి. చదువు రాని అమ్మలూ అవ్వలూ కూడా రావాలి. పదిమందికి ఒక్క చదివే గొంతు చాలు.

దీనివల్ల ఏమొస్తుందంటారా? మన పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడ రాత్రిపూట అక్షరాస్యత తరగతులు జరిగేవి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం, తాగుడు వల్ల పాడైన సంసారం గురించి. చదివి ఊరుకుని ఉంటే అది ఒక పాఠంగానే మిగిలేది. వాళ్ళు మాట్లాడుకున్నారు. మన ఇంట్లోనూ ఇదే కదా, సారా మన ఊరికి ఎందుకు రావాలి అనుకున్నారు. 1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలిచారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. తర్వాత ఆ కథ అనేక మలుపులు తిరిగింది, అది వేరే సంగతి. మొదలైంది మాత్రం ఒక పాఠం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర.

మా హాస్టల్లో ఆదివారం పూట మేమూ కూర్చుంటాం. మొదటి నెలంతా పిల్లలు నోరు విప్పలేదు. పేపరు చదివేది నేనే, ప్రశ్న అడిగేది నేనే, జవాబు చెప్పేదీ నేనే! ఒకరోజు ఇటుక బట్టీల వార్త చదివాం. వెనక కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్ల మెల్లగా అడిగింది: "మేడమ్, మా నాయన అడ్వాన్స్ తీసుకున్నాడు. అది తీరేదాకా ఇంకో చోటికి పోకూడదన్నారు. అది ఒప్పా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. తరవాతి వారం వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మీద ఒక చిన్న తెలుగు పుస్తకం తెచ్చి, అందరం కలిసి అక్షరం అక్షరం చదివాం. 1976 నాటి చట్టం అది. అప్పు పేరు చెప్పి మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి. ఆ అప్పు తీర్చాల్సిన బాధ్యత రద్దవుతుంది. అర్జీ కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ ఇవ్వొచ్చు. ఆ పిల్ల ఆ పేజీని తన నోటుబుక్కులో రాసుకుని ఇంటికి తీసుకుపోయింది. వాళ్ళ నాయన ఇంకా అర్జీ పెట్టలేదు. భయం. అబద్ధం చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించుకోను. కానీ పోయిన సెలవుల్లో ఆయన హాస్టలుకు వచ్చి, "ఆ కాగితం ఇంకోసారి చదివి వినిపించు మేడమ్" అన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు.

గ్రంథాలయంలో మాట్లాడకూడదు కదా అని మీరు అడగొచ్చు. చదివే గదిలో మాట్లాడకూడదు, నిజమే. వరండాలో ఒక మూల ఇమ్మని గ్రంథపాలకుణ్ణి అడుగుదాం. మర్యాదగా అడుగుదాం, కానీ అడుగుదాం. కథల పుస్తకంతోనే మొదలుపెట్టండి, చట్టాలు తర్వాత. మన సరిహద్దు పల్లెల్లో ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు. వినేవాళ్ళకు ఏది తెలిస్తే అందులో విడమరిచి చెప్పండి. వెక్కిరింత మాత్రం వద్దు. తడబడుతూ చదివేవాణ్ణి చూసి ఒక్కసారి నవ్వితే వాడు మళ్ళీ రాడు. అది నాకు బాగా తెలుసు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నేను గ్రంథాలయం గేటు దగ్గర ఉంటాను. ఒంటరిగా రావద్దు. అమ్మనో అవ్వనో వెంటబెట్టుకుని రండి. మొదటి పుస్తకం నేను తెస్తాను, చదవడం మాత్రం మీదే.