పెద్ద యంత్రములు నడుపు పనిలో స్త్రీలు
(ప్రసంగ పాఠము)



ట్రాక్టరు, వరికోత మిషను, మట్టి త్రవ్వు జేసీబీ వంటి పెద్ద యంత్రములను స్త్రీలు నడుపుటను గురించి నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది పట్నపు వింత కాదు. మీ ఇంటి రాబడికి సంబంధించిన విషయము.

ముందుగా హఫీజ్‌పేట సంగతి చూడుడు. ఒకప్పుడిది శేరిలింగంపల్లి ప్రాంతములో ఒక పల్లె. నేడు హైటెక్ సిటీకి ఉద్యోగులను చేరవేయు రైళ్లు ఇక్కడ ఆగుచున్నవి. పొలములున్న చోట మేడలు లేచినవి. ఇట్టి చోట్ల పునాదులు త్రవ్వునప్పుడు గమనించినచో, యంత్రముపై సాధారణముగా పురుషుడే కూర్చుండును. ఇసుక తట్ట నెత్తిన పెట్టుకొని స్త్రీ నడచును. ఇట్లు మోయు స్త్రీలలో అనేకులు పాలమూరు వంటి జిల్లాల నుండి వలస వచ్చిన వ్యవసాయ కూలీలు. ఒకే చోట పనిచేసినను ఒకరికి దక్కునది నైపుణ్యపు కూలి, మరొకరికి దక్కునది మోత కూలి.

మన పొలములలో జరుగుచున్నదియు ఇదియే. నాటు, కలుపు, కోత తరతరములుగా ఆడవారి చేతి పనులు. నాటు యంత్రము, కలుపు మందు, కోత మిషను వచ్చినకొలది వారి కూలి దినములు తగ్గుచున్నవి. అట్లని యంత్రము వలదనుట తెలివి కాదు. కూలీలు దొరకని అదనులో పంటను గట్టెక్కించునది అదియే. కాని కొడవలితో పోయిన కూలి స్టీరింగుతో తిరిగి రావలెనన్నచో, కొడవలి పట్టిన చేతికే స్టీరింగు నేర్పవలెను. నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే.

“ఆడవారికి అంత బలమెక్కడిది?” అని కొందరు అడుగుదురు. పెద్ద యంత్రమును కదలించునది డ్రైవరు కండబలము కాదు. పంపు నూనెను ఒత్తిడితో సిలిండరులోనికి నెట్టును. ఆ ఒత్తిడియే జేసీబీ బకెట్టును ఎత్తును, ట్రాక్టరు వెనుక నాగలిని లేపును. లీవరు పట్టినవారు నూనెకు దారి చూపుదురు, అంతియే. కావలసినవి చూపు, ఓర్పు, చేతి నిదానము. దినమంతయు బురదలో వంగి వరుస తప్పక నాటు వేయు స్త్రీకి ఇవి క్రొత్తవి కావు.

ఇప్పటికే దారి వేసినవారు కలరు. సోవియట్ దేశములో పాషా ఆంజెలీనా 1933లోనే స్త్రీలతో ఒక ట్రాక్టరు దళమును ఏర్పరచెను. మన తెలంగాణ బిడ్డ వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరు అయ్యెను. 2025లో తెలంగాణ ఆర్టీసీలోను ఆమెయే మొదటి మహిళా డ్రైవరు. హఫీజ్‌పేట ప్రక్కనున్న మియాపూరు నుండి 2017 నవంబరు 29న ప్రజల కొరకు మెట్రో రైళ్లు నడువసాగెను. వాటిని నడుపువారిలో స్త్రీలు కలరు. సింగరేణి సంస్థ సహితము 2025లో భారీ యంత్రముల శిక్షణకు తన మహిళా ఉద్యోగులను ఆహ్వానించినది.

చట్టమును మారినది. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భములో పనిచేయనీయలేదు. 2019లో కొంత సడలింపు వచ్చెను. 2025 నవంబరు 21 నుండి అమలైన కార్మిక నియమావళి ప్రకారము స్త్రీలు అన్ని రకముల పనులలోను, తమ సమ్మతితో రాత్రి వేళలందును పనిచేయవచ్చును. ఒకే పనికి స్త్రీయని కూలి తగ్గించరాదు.

ఇక నేర్చుకొను విధము.

1. లైసెన్సు: 18 ఏండ్లు నిండిన పిమ్మట ముందు లెర్నరు లైసెన్సు తీసికొనవలెను. 30 దినములు గడచిన పిదప పరీక్షకు పోవచ్చును. జేసీబీ వంటివాటికి ఏ తరగతి లైసెన్సు కావలెనో రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనుడు.

2. అభ్యాసము: కోత ముగిసి ఆరిన చదును చేనిలో, పనిముట్టు తగిలించక, మొదటి గేరులో ప్రారంభించుడు. క్లచ్చి, బ్రేకు పూర్తిగా అందునట్లు సీటును జరుపుకొనుడు. సీటు అంచున కూర్చుండి నడుపరాదు.

3. ఉదయపు తనిఖీ: ఇంజను నూనె, రేడియేటరు నీరు, డీజిలు, టైర్ల గాలి చూచిన తరువాతనే తాళము త్రిప్పుడు. ఈ పని తెలిసిన స్త్రీని మెకానిక్కు మోసగించలేడు.

4. దుస్తులు: ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. ఇరుసు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. పైట చెంగు గాని, జడ గాని చిక్కినచో విడిపించుకొను వ్యవధి ఉండదు. ఒంటికి అతికిన దుస్తులు ధరించి, జడను ముడివేయుడు. ఇరుసుపై కవచము ఉండి తీరవలెను. ఇంజను ఆపక దాని దరికి పోరాదు. ఇది పురుషుల పంచెకును వర్తించును.

5. బోల్తా: రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్లను జోడించి ఉంచుడు. నిలువు గట్టును వేగముగా ఎక్కించరాదు. మడ్‌గార్డు మీద బిడ్డను కూడ కూర్చుండబెట్టరాదు.

6. ఆరోగ్యము: మరుగుదొడ్డి లేనిచోట స్త్రీలు నీరు త్రాగుట మానుకొందురు. ఎండలో అది ప్రమాదము. పని చూపువారు మరుగుదొడ్డి ఏర్పాటు చేయవలెను. గర్భిణులు యంత్రపు కుదుపును గురించి డాక్టరును సంప్రదింపుడు.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థలో యంత్రములు నడుపుట, బాగుచేయుట నేర్పుదురు. వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకములో ఎంపికైన యంత్రములకు, పరిమితికి లోబడి, మహిళా రైతులకు ధరలో 50 శాతము వరకు సబ్సిడీ కలదు. ఇతరులకు సాధారణముగా 40 శాతము. మందు చల్లు డ్రోనులకై మహిళా సంఘములకు 2023లో ఆమోదించిన పథకములో 80 శాతము, గరిష్ఠముగా 8 లక్షల రూపాయలు ఇచ్చుటకు ఏర్పాటైనది. వివరములకు మీ వ్యవసాయాధికారిని కలిసికొనుడు.

సోదరులారా! సబ్సిడీ కొరకు కాగితముపై భార్య పేరు వ్రాయించి, తాళము జేబులో వేసికొనుట న్యాయము కాదు. లాభమును కాదు. ఇంట ఇద్దరికి యంత్రము వచ్చినచో, ఒకరు జబ్బు పడినను అదను తప్పదు, కిరాయి పని ఆగదు. రాబోవు దుక్కికి ముందే మీ ఇంటి ఆడపడుచులలో ఆసక్తిగల ఒకరిని సీటుపై కూర్చుండబెట్టుడు. నేర్పువరకు ప్రక్కన నిలిచి ఓపికతో చెప్పుడు. నేర్చిన పిదప తాళము ఆమె చేతికిచ్చి, మీరు గట్టు మీద నిలువుడు.