లుసాకాలో వినవచ్చిన హెచ్చరిక



2011వ సంవత్సరమున అమెరికా విదేశాంగమంత్రి శ్రీమతి హిల్లరీ క్లింటన్ జాంబియా రాజధానియైన లుసాకాకు విచ్చేసి, ఆఫ్రికాలో నూతన వలసవాదము తలయెత్తరాదని హెచ్చరించినప్పుడు, ఆ మాట చైనాను గూర్చినదేయని లోకము గ్రహించెను. ఆ హెచ్చరిక నిరాధారమని నేననను. అది లుసాకాలో పలుకబడుటయే నన్ను చింతింపజేసినది. ఏలయన, సముద్రతీరము లేని జాంబియా, 1965లో పొరుగుననున్న దక్షిణ రొడీషియా శ్వేతజాతి ప్రభుత్వము ఏకపక్షముగా స్వాతంత్ర్యము ప్రకటించుకొనగా, తన రాగిని రేవుకు చేర్చు త్రోవ శత్రువుల చేతిలో చిక్కుటను గాంచి, టాంజానియాతో గూడి తూర్పుతీరమునకు రైలుమార్గము వేయ సంకల్పించినప్పుడు, అది గిట్టుబాటు కాదని ప్రపంచబ్యాంకు అంతకుముందే పెదవి విరిచియుండెను, పశ్చిమరాజ్యము లేవియు ధనమిచ్చుటకు ముందునకు రాలేదు. అప్పటికి తానును నిరుపేదయైన చైనా వడ్డీలేని ఋణమొసగి, వేలకొలది కార్మికులను పంపి, దార్ ఎస్ సలాం మొదలు కపిరి మ్పోషి వరకు 1,860 కిలోమీటర్ల మార్గమును 1970–75 నడుమ నిర్మించెను. ఆ పనిలో అసువులు బాసిన చైనీయుల సమాధులు నేటికిని ఆ నేలపై నున్నవి.

ఇంతమాత్రమున చైనాను వేలుపుగా నిలుపబూనుట పొరపాటు. అదే జాంబియాలో, 2010లో, కొల్లమ్ బొగ్గుగనియందు కూలి చాలదని నిరసించిన కార్మికులపై చైనా పర్యవేక్షకులు తుపాకులు కాల్చిరి. దానిని అక్కడి ప్రజలు మరువలేదు. చైనా యజమానులను ఏండ్లతరబడి విమర్శించిన మైకేల్ సాటానే మరుసటి యేట అధ్యక్షునిగా ఎన్నుకొనిరి. అన్యాయమును గుర్తించుటకు వారికి పరదేశపు గురువు లక్కరలేదు.

చైనా అప్పుల ఉచ్చు పన్నుచున్నదను ప్రచారమును మీరు వినియే యుందురు. 2020లో జాంబియా బాకీ తీర్పలేక నిలిచిపోయినప్పుడు, తప్పినది పాశ్చాత్య మదుపుదారులు కొనిన యూరోబాండ్ల వడ్డీ వాయిదా. చైనా బ్యాంకుల అప్పు ఎంత నిజమో, ఇదియు నంతే నిజము. అప్పులవలెనే రైలుమార్గములందును ఇరుపక్షములు గలవు: నేడు అమెరికా అంగోలాలోని లొబిటో రేవు రైలుమార్గమునకు ఉత్సాహముతో ధనసహాయము చేయుచున్నది. అంతర్యుద్ధమున ధ్వంసమైన ఆ మార్గమును అంతకుముందే పునర్నిర్మించినది చైనా సంస్థ. ఇట్టి పోటీ ఆఫ్రికాకు కీడని నేను తలపను. బేరమాడుటకు ఇద్దరున్నచోట బలహీనునికి కొంత బలము చేకూరును.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు దౌత్యరంగమందో పత్రికలయందో ఆ ఖండమును గూర్చి వ్రాయుదురు. వాషింగ్టను, బీజింగు పలుకులకంటె ముందు అక్కడి గనికార్మికుని, రైతును, శాసనసభ్యుని మాట వినుడు. కాంగో, జాంబియా ప్రభుత్వములు తమ కోబాల్టును, రాగిని పరులకు పంపుటతో తృప్తిపడక, బ్యాటరీల తయారీ తమ గడ్డపైననే సాగవలెనని 2022లో ఒడంబడిక చేసికొనినవి. మీ అధ్యయనమును అచ్చట ప్రారంభింపుడు.