జారే బట్ట, లెక్కకు రాని గంటలు

(ఇళ్ళలో కుట్టుపని చేసే స్త్రీల సమస్యలపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అసంఘటిత రంగం గురించి మాట్లాడేటప్పుడు 'నైపుణ్యం లేని శ్రమ' అనే మాట అలవోకగా వాడేస్తుంటాం. ప్రభుత్వ పత్రాల్లోనూ అదే మాట, మన కరపత్రాల్లోనూ అదే మాట. ఈ రోజు నేను సిద్ధాంత చర్చలోకి ఎక్కువ వెళ్ళదలచుకోలేదు. ఒక్క జార్జెట్ ఫ్రాకు ఎలా తయారవుతుందో చెబుతాను. నాకు కుట్టుపని వచ్చు కాబట్టి ఇది బయటినుంచి చూసి చెబుతున్నది కాదు.

నూలుబట్ట పెట్టినచోట ఉంటుంది. జార్జెట్ ఉండదు. దాని దారాన్ని బాగా మెలిపెట్టి నేస్తారు. ఆ నేత వల్లే బట్ట ఒంటిమీద అందంగా జాలువారుతుంది, కత్తెర కిందికి వచ్చేసరికి మాత్రం పక్కకు జారిపోతుంది. నాలుగు మడతలు వేసి కోస్తే పై మడతకి ఒక కొలత, కింది మడతకి ఒక కొలత వస్తాయి. అందుకే ఒంటిపొరగా పరచాలి. కింద పాత పేపరు వేసి, దానికి బట్టను గుండుసూదులతో పట్టించి, రెంటినీ కలిపి కోయాలి. అంబ్రెల్లా ఫ్రాకు అయితే నాలుగైదు మీటర్ల బట్ట.

అంత బట్ట పరిచే నేల ఎక్కడుంది? ఒక గదీ వంటిల్లూ ఉన్న ఇంట్లో రాత్రిపూట ఆ నేలమీదే అందరూ పడుకుంటారు. పొద్దున్నే వంట, నీళ్ళు, బడి. మిగిలేది పిల్లలు బడినుంచి వచ్చేలోగా ఉన్న కాస్త మధ్యాహ్నం. ఆ సమయంలో కూడా ఫ్యాను ఆపాలి, లేకపోతే బట్ట ఎగిరిపోతుంది. మే నెలలో రేకుల ఇంట్లో ఫ్యాను ఆపుకుని నేలమీద వంగి కోసే పనికి మన లెక్కల్లో పేరు లేదు.

మిషను దగ్గరికి వస్తే, మామూలుగా ఉండే 16వ నంబరు సూది తీసి 11వ నంబరో 9వ నంబరో వెయ్యాలి. లేకపోతే పోగు లాగేస్తుంది, ఒక్క పోగు లాగితే ఆ గీత బట్టంతా కనిపిస్తుంది. సన్నదారం ఎక్కించి, తుక్కుముక్క మీద రెండుసార్లు కుట్టి చూసుకోవాలి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు దారం కొసలు చేత్తో పట్టుకోకపోతే బట్ట సూది రంధ్రంలోకి దిగిపోతుంది. పల్చటి బట్టలో లోపలి అంచులు బయటికి కనబడతాయి గనుక ప్రతి జాయింటూ రెండుసార్లు కుట్టాలి. ముందు మంచివైపు పైకి ఉండేలా ఒక కుట్టు, అంచు సన్నగా కత్తిరించటం, లోపలికి తిప్పి దానిమీద మరో కుట్టు. క్రాసులో కోసిన భాగాలు బరువుకి కిందికి సాగుతాయి, కాబట్టి కుట్టిన ఫ్రాకుని ఒక రాత్రంతా హ్యాంగరుకి వేలాడదీసి, మర్నాడు సాగినమేర కత్తిరించి సమం చేసి, అప్పుడు అడుగు మడవాలి. వేలాడదీసే చోటు కూడా పిల్లల చేతులకీ వంటింటి పొగకీ దూరంగా ఉండాలి.

ఒకే కొలతలతో నూలు ఫ్రాకు ఒకటీ జార్జెట్ ఫ్రాకు ఒకటీ కుట్టి చూశాను. మొదటిది ఆ రోజే అయిపోయింది. రెండోది మూడో రోజుకి చేతికొచ్చింది. నేను మాట్లాడిన స్త్రీలలో ఎక్కువమందికి ఏజెంటు ఇచ్చే పీసు రేటు రెండింటికీ ఒకటే. "పని అదే కదమ్మా, బట్టేగా మారింది" అంటాడు. బట్ట మారటమంటే ఏమిటో అతనికి తెలియక కాదు. పోగు లాగితే బట్ట ఖరీదు కోసుకునేది అతనే.

పీసు రేటు కాబట్టి వీళ్ళు కార్మికులు కారు, సొంత పని చేసుకుంటున్నారు అనే వాదన మనకు తరచూ వినిపిస్తుంది. ఇది పాత వాదనే. 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో యజమానులు సుప్రీంకోర్టు ముందు దాదాపు ఇదే అన్నారు. అది ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన కేసు. ఎలా కుట్టాలో చెప్పేది యజమాని, నచ్చకపోతే తిప్పికొట్టి మళ్ళీ కుట్టించేది యజమాని, కాబట్టి పీసు లెక్కన కూలి తీసుకున్నా వాళ్ళు ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. వాళ్ళలో కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్ళి కుట్టేవారు కూడా. అయితే అక్కడ మిషన్లు చాలావరకు దుకాణానివి. మన స్త్రీల మిషను వాళ్ళదే, చాలాసార్లు అప్పుమీద కొన్నది. ఆ తేడాని ఏజెంట్లు బాగా వాడుకుంటారు. సొంత మిషను కొనుక్కున్నందుకు ఆమె హక్కు తగ్గిపోవటం విచిత్రమే. 1948 నాటి కనీస వేతనాల చట్టం ఇంటికి సరుకు తీసుకెళ్ళి పనిచేసేవారిని కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. నిర్వచనంలో ఉండటం వేరు, రిజిస్టరులో పేరుండటం వేరు.

1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 177వ ఒప్పందం చేసింది. దాని వెనుక అహ్మదాబాదు 'సేవా' స్త్రీల కృషి చాలా ఉంది. భారత ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. ఒప్పందం గురించి మనం తరచూ చెప్పుకుంటాం గాని, దానితోపాటే వచ్చిన 184వ సిఫార్సును అంతగా పట్టించుకోం. నా దృష్టిలో మనకు ఎక్కువ పనికొచ్చేది అదే. కరెంటు ఖర్చు, మిషను మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు, మిషను బాగుచేసుకోవటానికీ పనిముట్లు మార్చటానికీ సరుకు విప్పి మళ్ళీ కట్టటానికీ పట్టే సమయానికి కూడా పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది. సూది మార్చిన సమయం కూడా కూలి సమయమే అని ఇంత స్పష్టంగా చెప్పిన పత్రం మరొకటి నేను చూడలేదు.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఏజెంటే కాదు, పక్కింటి ఆవిడ కూడా "మనవాళ్ళమే కదా" అని కూలి తగ్గించమంటుంది. ఇక్కడున్న మనలో కూడా షిఫాన్ చీరకి జాకెట్టు కుట్టించుకుని పది రూపాయలు బేరమాడనివాళ్ళు ఎంతమందో!

మధ్యాహ్నం బృంద చర్చల్లో ఒక రేటు పట్టిక నమూనా పంచుతాం. అందులో జారే బట్టకి వేరే వరుస, కోతకి వేరే, లైనింగుకి వేరే, అడుగు మడవటానికి వేరే గడులున్నాయి. అంకెలు మేం వెయ్యలేదు. మీ బస్తీల్లో ఇప్పుడు ఏ పీసుకి ఎంత ఇస్తున్నారో, ఎన్ని గంటలు పడుతోందో కుట్టే స్త్రీలనే అడిగి నింపి, వచ్చే సమావేశానికి తీసుకురండి. దాన్ని పట్టుకుని ముందు ఏజెంట్ల దగ్గరికి, తర్వాత లేబర్ ఆఫీసుకి వెళదాం.