పిలిచినప్పుడు లేనివారు



ఆరోగ్యవిషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను చరిత్ర చదివి ఫైళ్ళలో పడినవాడనే గాని వైద్యుడను కానని మనవి చేసితిని. “రోగిని ఆసుపత్రికి తీసికొనిపోయినవారు కదా, చాలును” అని వారనిరి. కావున అత్యవసర విభాగమునకు వచ్చి, చీటీ వ్రాయించుకొని, డాక్టరును చూడకయే వెళ్ళిపోవు రోగులను గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

అట్లు వెళ్ళిపోయినవారిలో మా మామగారొకరు. 2016 చలికాలములో వారు రాజమహేంద్రవరము నుండి ఢిల్లీకి వచ్చియుండిరి. ఒక రాత్రి భోజనమైన పిమ్మట ఎదలో బరువుగా నున్నదనిరి. ఆటోలో నొక పెద్ద ఆసుపత్రికి పోయితిమి. కౌంటరులోని గుమాస్తా చీటీ వ్రాసియిచ్చెను. బెంచీలపై చోటు లేదు. చుట్టును స్ట్రెచ్చర్లు, నెత్తురోడు గాయములు, ఏడ్చు పసిపిల్లలు. రెండు గంటలు నిలబడితిమి. అప్పుడు మామగారు, “నొప్పి తగ్గిందండీ అల్లుడుగారూ. పాపం, వీళ్ళందరి ముందు నాదేం బాధ? ఇంటికి పోదాం పదండి” అనిరి. నేనును సరే యంటిని. మరునాడుదయము పార్లమెంటు ప్రశ్న కొకదానికి సమాధానము పంపవలసియుండెను. ఆ సంగతి నా మనస్సులో మెదలలేదని చెప్పజాలను.

తెల్లవారుజామున నొప్పి తిరిగి వచ్చెను. మరియొక ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి గుండెపోటని తేల్చిరి. ప్రాణము దక్కినది గాని, గుండె కండరములో కొంతభాగము చెడిపోయెను. మొదటిచోటి కాగితములేవైన నున్నచో తెమ్మని డాక్టరు చెప్పగా నేనచ్చటికి పోయితిని. రిజిస్టరులో ఆయన పేరునకెదురుగా, మూడుమార్లు పిలిచినను రాలేదనియు, వెళ్ళిపోయినట్లు భావించితిమనియు వ్రాసియున్నది. వ్రాసిన వేళ పది గంటల ఇరువది నిమిషములు. మేము బయటికి వచ్చినది పదకొండు గంటలకు! మన పేర్లలో ఇంటిపేరు ముందుండును గదా; గుమాస్తా దానినే అసలు పేరుగా తలచి, ఉత్తరాది ఉచ్చారణలో పిలిచియుండును. జన్మలో నెవరును ఇంటిపేరుతో పిలువని మనిషి దానికెట్లు పలుకును? పలుకవలసినవాడను నేను. నాకును అది మా మామగారి పేరుగా వినబడలేదు.

వచ్చిన వరుసను బట్టి గాక, ప్రమాదపు తీవ్రతను బట్టి రోగులను వేరుచేయు పద్ధతిని ‘ట్రయాజ్’ అందురు. నెపోలియన్ సేనలో శస్త్రవైద్యుడైన లారే, క్షతగాత్రుల హోదాను చూడక గాయమును చూచి చికిత్స చేయవలెనని పట్టుబట్టెను. ఎదనొప్పితో వచ్చినవానికి పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనన్నది నేటి వైద్యనియమము. నొప్పి తగ్గినంత మాత్రమున అపాయము తొలగినట్లు కాదని ఆ రాత్రి నాకు తెలియదు.

న్యాయము కొరకు నా అనుభవమునకు వ్యతిరేకమైన సంగతి యొకటి చెప్పవలెను. కెనడా దేశపు ఒంటారియోలో 2003 మొదలు 2007 వరకు డాక్టరును చూడకయే వెళ్ళిపోయిన ఆరు లక్షలకు పైబడినవారిని గూర్చిన పరిశోధన 2011లో ప్రకటింపబడెను. చూపించుకొని ఇంటికి పోయినవారికంటె వీరికి అపాయమధికము కాదని అందు తేలినది. రోగులు చాలసేపు వేచియుండవలసి వచ్చిన వేళలలో వచ్చి, చూపించుకొని పోయినవారికే అపాయము హెచ్చెను. ఆశ్చర్యమే! అయితే అచ్చట వెళ్ళిపోయినవాని పేరును లెక్కలో మిగిలినది. తరువాత వాడేమయ్యెనో చూచువారుండిరి. మా మామగారి విషయములో రిజిస్టరు గీత గీసి ముగించెను.

మన చట్టము నోరులేనిది కాదు. ప్రాణాపాయములో నున్నవానికి వైద్యుడెవడైనను చికిత్స చేయవలసినదేనని సుప్రీంకోర్టు 1989లో చెప్పెను. రైలు నుండి పడి గాయపడిన వ్యవసాయ కూలీని కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు మంచములు లేవని త్రిప్పిపంపిన వ్యాజ్యములో, 1996లో అతనికి 25,000 రూపాయల పరిహారమిప్పించెను. కాని యా తీర్పులు త్రిప్పిపంపబడినవానివి. తనంత తాను లేచిపోయినవానిని ఎవరు కాదన్నారు? ఫిర్యాదు లేదు, ఫైలు లేదు. సెక్రటేరియట్ ఉద్యోగిగా నాకీ ఖాళీ బాగుగా తెలియును. అర్జీదారు మరల రాకున్న విషయము ముగిసినదని వ్రాయుటకు నా చేయియు అలవాటుపడినదే.

ఆసుపత్రులు పేరుతో పాటు అంకెతోను పిలువవచ్చును. వేచియున్నవారిని గంటకొకమారు నర్సు పలుకరింపవచ్చును. వెళ్ళిపోయినవానికి మరునాడు ఫోను చేయవచ్చును. అవి మన చేతిలోనివి కావు. మనము చేయగలిగినది మరియొకటి యున్నది. ఊరినుండి వచ్చిన మన పెద్దలకు హిందీ రాదు. మొగమాటము మాత్రము మెండు. రాత్రివేళ ఎవరింటనైన ఆపద కలిగినచో తోడుగా వచ్చి, చీటీలో పేరు సరిగా వ్రాయించి, పిలుపు వినుటకు హిందీ బాగుగా వచ్చినవారు కావలెను. జాబితా బల్లపై నున్నది. మొదటి పేరు నేను వ్రాసితిని.