కొనబోయే ముందు రాసే కాగితం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి ముందు వక్తలు చెప్పారు గనుక ఆ జోలికి పోను. 35 ఏళ్లు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. టెండరు స్పెసిఫికేషను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు.

1984లో నేను జూనియర్ అసిస్టెంటును. ఇండెంటులో "బ్లీచింగ్ పౌడరు 200 బస్తాలు" అని వచ్చింది. షెడ్యూలులో మక్కికి మక్కి దించి, "మంచి రకం" అని ఒక మాట చేర్చి, అదేదో ఘనకార్యం అనుకున్నాను. తక్కువ రేటు కోట్ చేసినవారికి ఆర్డరు వెళ్లింది. తూకం సరిపోయింది, స్టాకు రిజిస్టరుకు ఎక్కింది, బిల్లు పాసయింది. వానాకాలంలో ఒక పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ట్యాంకులో పొడి వేస్తూనే ఉన్నారు. కుళాయి నీళ్లు పరీక్షిస్తే గాజు గొట్టంలో పసుపు రంగు రాదు! పొడిలోని క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయింది. సప్లయరును నిలదీస్తే, ఆయన నా షెడ్యూలే నా ముందు పెట్టి, "ఎంత శాతం ఉండాలో ఎక్కడ రాశారండీ?" అన్నాడు. నోట మాట రాలేదు. ఒక ముసలమ్మను మంచంతో సహా ఆస్పత్రికి మోసుకుపోతుంటే చూశాను. ఆమె బతికింది. లేకపోతే ఈ రోజు ఇక్కడ నిలబడి ఈ సంగతి చెప్పగలిగేవాణ్ణి కాను.

తరువాత తెలుసుకున్నాను, దానికి ఐ.ఎస్. 1065 అని ఒక ప్రమాణం ఉందని. తాజా సరుకులో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. వేడికీ చెమ్మకూ తగ్గిపోతుంది. కాబట్టి శాతం ఒక్కటే రాస్తే చాలదు. తయారైన నెల, ప్యాకింగు, శాంపిలు ఎవరి ఎదుట తీసి సీలు వేయాలి, రిపోర్టు రాకముందు బిల్లు చెల్లించరాదు, తిరగ్గొట్టిన సరుకు ఎవరి ఖర్చుతో తీసుకుపోవాలి, ఇవన్నీ రాయాలి. లెక్కకు చెబుతాను. 25 కిలోల బస్తా 100 రూపాయలు, 20 శాతం క్లోరిన్ అయితే కిలో క్లోరిన్ 20 రూపాయలు పడింది. 130 రూపాయల బస్తాలో 33 శాతం ఉంటే కిలో 16 రూపాయల లోపే. ఏది చవక?

2006లో ఇలాగే రాసి కొన్నాము. రేటు పాత ఏటికంటే ఎక్కువ వచ్చింది. "అధిక ధరకు కొనుగోలు" అని ఆడిట్ అభ్యంతరం పడింది. 2008లో రిటైరయితే ఆ పేరా తేలలేదని నా గ్రాట్యుటీ 14 నెలలు ఆగింది. మా ఇంటావిడ అప్పుడు అన్న మాటలు ఈ సభలో చెప్పను, ఆమె ముందు వరసలోనే ఉంది. ఇప్పుడు చెప్పిన లెక్కనే అప్పట్లో నోట్ ఫైలులో రాసి, పై అధికారి సంతకం తీసుకుని ఉంచాను. ఆ ఒక్క పేజీ చూపించాక పేరా వదిలారు.

సామాను సంగతి ఇలా ఉంటే, పనుల కాంట్రాక్టులది ఇంకో తంటా. "వార్డు శుభ్రంగా ఉంచవలెను" అని రాస్తే, కాలువ పూడిక తీసి గట్టున పోసిపోతారు. వాన పడితే అది మళ్లీ కాలువలోకే. తీసిన పూడిక ఎన్ని గంటల్లో, ఎక్కడికి తరలించాలో కూడా రాయాలి. పనివారి పి.ఎఫ్. చలానా చూపితేనే బిల్లు అనీ రాయాలి.

మా కోడలు పంచాయతీ ఆఫీసులో పనిచేస్తుంది. 2016లో వచ్చిన జెమ్ పోర్టలు గురించి చెబుతూ, "మామయ్య గారూ, ఇప్పుడన్నీ కంప్యూటరులోనే ఉంటాయండీ" అంటుంది. నిజమే. కానీ మన గోదాము చెమ్మ సంగతి కంప్యూటరుకు ఎవరు చెబుతారమ్మా అన్నాను. మరునాడు శాంపిలు షరతు ఎలా రాయాలో అడగడానికి కాగితం తెచ్చుకుంది.

చివరగా, మన సంఘ భవనానికి కుర్చీల కొటేషన్లు పిలుస్తున్నారట. ఆ పత్రం చూశాను. "నాణ్యమైన కుర్చీలు 50" అని ఉంది. కార్యదర్శి గారూ, పోస్టు చేయకముందే దాన్ని ఈ రాత్రికి నాకిప్పించండి. సెలవు.